అరబీ లిపి - కంప్యూటర్ అక్షర సంకేతాలు : ఒక చారిత్రక పరిశీలన

కంప్యూటర్‌కు అక్షరజ్ఞానం లేదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. రోమన్ లిపిలోని పెద్ద 'ఎ'కు 65, అరబీ 'బే'కు 1576, తెలుగు 'అ'కు 3077 అని ముందుగా ఒక ఒప్పందం కుదిరితేనే ఒక యంత్రంలో వ్రాసినది మరొక యంత్రంలో చదవడానికి వీలవుతుంది. ఇటువంటి ఒప్పందాల పట్టికనే అక్షర సంకేతావళి అంటారు. పైకి ఇది కేవలం సాంకేతిక నిపుణులకు సంబంధించిన వ్యవహారంగా కనిపిస్తుంది. కాని ఒక భాషలో ఏవి అక్షరాలు, ఏవి ఆ అక్షరాల రూపభేదాలు మాత్రమే అన్న మౌలికమైన ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. ఆ ప్రశ్నకు చెప్పే సమాధానాన్ని బట్టి ఒక జాతి వాఙ్మయం యంత్రంలో పదిలంగా నిలవడమో, ఎవరికీ అందకుండా చిక్కుపడిపోవడమో జరుగుతుంది.

అరబీ లిపి విషయంలో ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రంగా ఎదురైంది. అరబీతోపాటు ఫార్సీ, ఉర్దూ, సింధీ, పష్తో, కశ్మీరీ, ఉయ్‌ఘుర్ మొదలైన భాషలు ఈ లిపిని స్వీకరించాయి. యంత్రానికి తగినట్లుగా లిపిని మార్చుకోవాలా, లేక లిపికి తగినట్లుగా యంత్రాన్ని తీర్చిదిద్దాలా అన్న వివాదం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం సాగింది. ఆ వివాదం ఎలా పరిష్కారమైందో, పరిష్కారం తర్వాత కూడా ఏవి మిగిలిపోయాయో తెలుసుకోవడం లిపి చరిత్రపై ఆసక్తి గలవారికి అవసరం.

చుక్కలు, గుర్తులు

అరబీ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఇరవై ఎనిమిది అక్షరాలలో అలిఫ్, దాల్, జాల్, రే, జే, వావ్ అనే ఆరు తమ తర్వాతి అక్షరంతో కలవవు. మిగిలిన ఇరవై రెండూ పదంలో తమ స్థానాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రూపం, పదాదిలో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. అయినా అరబీ చదివే బాలునికి అవి నాలుగు అక్షరాలు కావు, ఒకే అక్షరం.

ఇందుకు భిన్నమైన లక్షణం కూడా ఈ లిపిలో ఉంది. బే, తే, సే అనే మూడు అక్షరాలకూ మూలమైన గీత ఒక్కటే. వాటిని వేరు చేసేవి చుక్కలే. ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో వివిధ నగరాలకు పంపిన ప్రతులలో చుక్కలు, స్వరచిహ్నాలు లేవు. నాటి పాఠకులకు ప్రధానమైన ఆధారం కంఠస్థ సంప్రదాయం. ఇస్లాం అరబ్బేతరులలో వ్యాపించిన కొద్దీ ఉచ్చారణలో పొరపాట్లు రాసాగాయి. అప్పుడు అబుల్ అస్వద్ అద్దుఅలీ (మరణం క్రీ.శ. 688) స్వరాలను రంగు చుక్కలతో సూచించే పద్ధతిని ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. తర్వాత ఎనిమిదో శతాబ్దంలో అల్ ఖలీల్ బిన్ అహ్మద్ ఇప్పుడు వాడుకలో ఉన్న జబర్, జేర్, పేష్ వంటి స్వరచిహ్నాలకు రూపకల్పన చేశాడు. లిపికి అదనంగా ఏ గుర్తును చేర్చవచ్చు, ఏది పాఠం, ఏది పాఠానికి సహాయం మాత్రమే అన్న చర్చ అరబీ పండితులకు కంప్యూటర్‌తో మొదలైనది కాదని దీనివల్ల విశదమవుతుంది.

లోహపు అచ్చు, రాతి అచ్చు

అచ్చుయంత్రం వచ్చాక ఈ లిపికి మొదటి పరీక్ష ఎదురైంది. అరబీ అచ్చు అక్షరాలతో ముద్రితమైన తొలి పుస్తకం 1514లో ఇటలీలోని ఫానోలో వెలువడింది. అది ఒక క్రైస్తవ ప్రార్థనా గ్రంథం. 1537-38 ప్రాంతంలో వెనిస్ నగరంలో పగనీనీ కుటుంబం ఖుర్ఆన్‌ను ముద్రించింది. ఆ ముద్రణలో అక్షరదోషాలు అనేకం ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ముస్లిం పాలకుల అనుమతితో ఇస్తాంబుల్‌లో ఇబ్రాహీం ముతఫర్రిఖా ముద్రణాలయం 1727లో ఏర్పడింది. కైరోలో బూలాఖ్ ముద్రణాలయం 1820లో ఆరంభమైంది. ఒక్కొక్క అక్షరానికి నాలుగు రూపాలు, వాటి జోడింపులు, స్వరచిహ్నాలు అన్నీ కలిసి అరబీ కంపోజిటరు ముందు వందలాది గళ్ళ పెట్టె ఉండేది.

హైదరాబాదు చరిత్రలో ఈ సమస్య రెండు పార్శ్వాలూ కనిపిస్తాయి. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అనేక ప్రాచీన అరబీ గ్రంథాలను పరిష్కరించి, నస్ఖ్ శైలి లోహపు అక్షరాలతో ముద్రించింది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మస్ఊదీ' 1954-56 మధ్య ఇక్కడినుంచే వెలువడింది. అదే నగరంలో ఉర్దూ దినపత్రికలను మాత్రం కాతిబ్‌లు చేతితో వ్రాస్తే రాతి అచ్చులోను, ఆ తర్వాత ఆఫ్‌సెట్‌లోను ముద్రించేవారు. ఇందుకు కారణం ఉర్దూ పాఠకులు అభిమానించే నస్తాలీఖ్ శైలి. నస్ఖ్‌లో అక్షరాలు ఇంచుమించు ఒకే గీత మీద కూర్చుంటాయి. నస్తాలీఖ్‌లో ప్రతి పదం కుడివైపు పై నుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. ఒక అక్షరం ఎంత ఎత్తున మొదలు కావాలో దాని తర్వాత వచ్చే అక్షరాలు నిర్ణయిస్తాయి. ఇంతటి సూక్ష్మత లోహపు దిమ్మలకు లొంగలేదు.

టైపురైటరు కాలానికి ఒత్తిడి మరింత పెరిగింది. సలీం హద్దాద్ 1899లో అమెరికాలో అరబీ టైపురైటరుకు పేటెంటు పొందాడు. అక్షరానికి నాలుగు రూపాలకు బదులు రెండింటితో సరిపెట్టడం ఇటువంటి యంత్రాలకు అలవాటైంది. 1928లో టర్కీ అరబీ లిపిని విడిచి రోమన్ లిపిని స్వీకరించింది. దాని వెనుక రాజకీయ, సాంస్కృతిక కారణాలు అనేకం ఉన్నాయి. అయినా అరబీ లిపి ఆధునిక యంత్రాలకు పనికిరాదన్న వాదం కూడా ఆ కాలంలో బలంగానే వినిపించింది. 1940లలో కైరోలోని అరబీ భాషా అకాడమీ ముందుకు లిపి సంస్కరణ ప్రతిపాదనలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. అక్షరాలను విడదీసి వ్రాయాలన్న వారు ఉన్నారు, రోమన్ లిపినే స్వీకరించాలన్న వారూ ఉన్నారు. వాటిలో ఏదీ అమలు కాలేదు.

నూట ఇరవై ఎనిమిది గళ్ళ పట్టిక

అమెరికాలో 1963లో వెలువడిన 'ఆస్కీ' అనే ప్రమాణం కంప్యూటర్ల అక్షర సంకేతాలకు పునాది అయింది. ఇందులో ప్రతి సంకేతానికి ఏడు బిట్లు, కనుక మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, యంత్రాన్ని నడిపే ఆజ్ఞలు వీటిలో ఇమిడిపోయాయి. ఫ్రెంచి, జర్మన్ భాషల ప్రత్యేకాక్షరాలకైనా అందులో చోటు లేదు. ఇతర భాషలవారు ఆ పట్టికలోని కొన్ని గళ్ళను తమ అక్షరాలతో నింపుకొన్నారు. ఎనిమిదో బిట్‌ను కలుపుకొంటే 256 స్థానాలు లభిస్తాయి. ఆ అదనపు 128 స్థానాలను ఎవరికి తోచిన విధంగా వారు వాడుకొన్నారు. ఫలితంగా ఒకే సంఖ్య ఒక దేశంలో ఒక అక్షరంగాను, మరో దేశంలో వేరొక అక్షరంగాను కనిపించేది. కైరోలో వ్రాసిన ఉత్తరం పారిస్ యంత్రంలో అర్థంలేని గుర్తుల వరుసగా మారేది.

అరబీకి ఇంకొక చిక్కు వచ్చింది. కొన్ని కంపెనీలు అక్షరాలకు కాక, వాటి ఆకారాలకు సంఖ్యలు కేటాయించాయి. ఐబీఎం వారి 864వ సంకేత పట్టిక ఇందుకు ఉదాహరణ. అందులో పదాదిలోని రూపానికి ఒక సంఖ్య, పదాంతంలోని రూపానికి మరొక సంఖ్య. తెరమీద అక్షరాలు అందంగానే కనిపించేవి. కాని యంత్రం దృష్టిలో అవి వేర్వేరు అక్షరాలు. పదం చివర ఉన్న 'బే'ను వెదికితే పదం మొదట ఉన్న 'బే' దొరకదు. అకారాదిగా అమర్చడం, నిఘంటువు తయారుచేయడం, గ్రంథసూచి కూర్చడం అన్నీ కష్టమయ్యాయి.

అక్షరమా? ఆకారమా?

ఈ గందరగోళానికి అరబ్ దేశాలే ఒక పరిష్కారం చూపాయి. మొరాకోలో అహ్మద్ లఖ్దర్ గజాల్ వంటి భాషావేత్తలు స్వరచిహ్నాలతో సహా అరబీని యంత్రానికి అందించే పద్ధతులపై ఏళ్ళతరబడి కృషి చేశారు. అరబ్ ప్రమాణాల సంస్థ 1980లలో 449, 708 సంఖ్యలు గల రెండు ప్రమాణాలను రూపొందించింది. వీటిలో ప్రతి అక్షరానికి ఒకే సంకేతం ఇవ్వబడింది. పదంలో దాని స్థానాన్ని గమనించి తగిన రూపాన్ని చూపడం తెరకు, ముద్రణ యంత్రానికి అప్పగించబడింది. ఈ రెండో ప్రమాణమే 1987లో 8859-6 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. కువైట్‌లో మొహమ్మద్ అల్ షారిఖ్ స్థాపించిన సంస్థ 'సఖ్ర్' పేరిట అరబీ కంప్యూటర్లను అందించినదీ, ఈజిప్టు భాషాశాస్త్రజ్ఞుడు నబీల్ అలీ అక్కడ అరబీ భాషా విశ్లేషణపై పనిచేసినదీ ఈ దశాబ్దంలోనే.

అయితే 8859-6లో అరబీ భాషకు అవసరమైన అక్షరాలే ఉన్నాయి. ఫార్సీ, ఉర్దూలకు అత్యవసరమైన పే, చే, గాఫ్ లేవు. ఉర్దూలోని టే, డాల్, డే లేవు. లిపి ఒకటే అయినా అరబీతరుల అవసరం మరువబడింది. భారతదేశంలోనూ ఇటువంటి విభజన జరిగింది. 1991లో ప్రకటితమైన 'ఇస్కీ' అనే భారత ప్రమాణం తెలుగుతోసహా బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నింటినీ ఒకే చట్రంలోకి తెచ్చింది. ఉర్దూ, కశ్మీరీ, సింధీలు వాడే ఫార్సీ-అరబీ లిపి ఆ చట్రంలో ఇమడలేదు.

ఒకే పట్టికలో అన్ని లిపులు

ప్రపంచ లిపులన్నింటికీ ఒకే పట్టిక ఉండాలన్న భావానికి స్పష్టమైన రూపమిచ్చినవాడు జిరాక్స్ సంస్థకు చెందిన జోసెఫ్ బెకర్. 1984 జూలైలో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ప్రచురితమైన వ్యాసంలో అతడు బహుభాషా లేఖనానికి అవసరమైన సూత్రాలను వివరించాడు. 1988లో 'యూనికోడ్' పేరుతో ఒక ముసాయిదాను సిద్ధం చేశాడు. 1991 జనవరిలో యూనికోడ్ సంఘం చట్టబద్ధంగా ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో తొలి ప్రమాణం వెలువడింది. అరబీకి 1536 నుంచి 1791 వరకు, తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించబడ్డాయి.

యూనికోడ్ పాటించిన ముఖ్యసూత్రం అరబ్ ప్రమాణాలలో ఉన్నదే. సంకేతం అక్షరానికే గాని ఆకారానికి కాదు. తెలుగులోనూ ఇదే వర్తిస్తుంది. 'క్క'లోని వత్తుకు వేరే సంఖ్య లేదు. 'క', పొల్లు, మళ్ళీ 'క' అని మూడు సంఖ్యలు నమోదవుతాయి. వాటిని వత్తుగా మలచి చూపేది ఫాంటు. పాత పట్టికలలో వ్రాసినది నష్టపోకుండా ఉండేందుకు అరబీ రూపభేదాలకు కూడా యూనికోడ్‌లో వేరే చోట స్థానం కల్పించారు. అవి పాత సమాచారాన్ని తీసుకొనడానికే గాని కొత్తగా వ్రాయడానికి కాదు.

దిశ సమస్యకు కూడా ఇదేవిధమైన పరిష్కారం లభించింది. ఒక తెలుగు వాక్యం మధ్యలో అరబీ ఆయత్, దాని వెంట ఆయత్ సంఖ్య వస్తే తెలుగు ఎడమ నుంచి, అరబీ కుడి నుంచి, అరబీ మధ్యలోని అంకెలు మళ్ళీ ఎడమ నుంచి నడవాలి. యంత్రం వీటిని చదివే క్రమంలోనే దాచుకొంటుంది. తెరమీద ఏది ఎటు నడవాలో ప్రతి అక్షరానికి నిర్ణయించిన దిశను బట్టి ఒక గణితపద్ధతి తేలుస్తుంది.

1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ రూపొందించిన 'యూటీఎఫ్-8' పద్ధతి ఈ పట్టిక వ్యాప్తికి ఎంతగానో తోడ్పడింది. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, అరబీకి రెండు, తెలుగుకు మూడు బైట్లు పడతాయి. పాత ఆస్కీ పాఠాలు ఏ మార్పూ లేకుండా చెల్లుతాయి కనుక పాశ్చాత్య సంస్థలు దీనిని సులభంగా స్వీకరించాయి. తొలిరోజులలో తెలుగు పాఠానికి మూడింతల చోటు కావలసిరావడం భారమే అయినా, నేడు అది చెప్పుకోదగిన ఇబ్బంది కాదు.

ఒకే మాట, రెండు సంఖ్యలు

అక్షరానికి ఒక సంఖ్య అన్న సూత్రం వినడానికి సులభం. ఆచరణలో మాత్రం ఏది ఒకే అక్షరం అన్న ప్రశ్న మళ్ళీ తలెత్తింది. అరబీలో 'హే' ఒకే అక్షరం. దాని రెండు కళ్ళ రూపం కేవలం రూపభేదం. ఉర్దూలో ఆ రెండు కళ్ళ 'హే' భ, ఘ, ఝ వంటి మహాప్రాణాలను వ్రాయడానికి ప్రత్యేకాక్షరమైంది. అందువల్ల ఉర్దూకు చోటీ హే 1729, దోచష్మీ హే 1726 అని రెండు సంఖ్యలు ఇవ్వవలసి వచ్చింది. ఒక భాషలో ఆకారమైనది మరొక భాషలో అక్షరమవుతుందని ఇది నిరూపిస్తుంది.

'కాఫ్', 'యే' విషయంలో ఫలితం అంత సుఖంగా లేదు. పదాంతంలో అరబీ కాఫ్‌కు, ఫార్సీ కాఫ్‌కు రూపభేదం ఉంది. అరబీ యే కింద చివర రెండు చుక్కలు ఉంటాయి, ఫార్సీలో ఉండవు. ఈ కారణంగా అరబీ కాఫ్‌కు 1603, ఫార్సీ-ఉర్దూ కాఫ్‌కు 1705, అరబీ యేకు 1610, ఫార్సీ-ఉర్దూ యేకు 1740 అని వేర్వేరు సంఖ్యలు ఏర్పడ్డాయి. పదాదిలో మాత్రం రెండు కాఫ్‌లూ ఒకేలా కనిపిస్తాయి. 'కితాబ్' అనే మాటను అరబీ కీబోర్డుతో వ్రాసినా, ఉర్దూ కీబోర్డుతో వ్రాసినా కంటికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. గ్రంథాలయ సూచిలో ఒకరు ఒక విధంగా నమోదు చేసిన పుస్తకాన్ని మరొకరు మరో విధంగా వెదికితే, పుస్తకం బీరువాలో ఉన్నా లేదనే సమాధానం వస్తుంది. ఇరాన్ 2002లో 6219 సంఖ్య గల జాతీయ ప్రమాణం ద్వారా ఫార్సీకి వాడవలసిన అక్షరాలను నిర్దేశించింది. అయినా అంతకు ముందు పోగుపడిన పాఠాల కారణంగా, వెదికే సాధనాలు ఈ అక్షరాలను సమానంగా భావించేలా ప్రత్యేక ఏర్పాట్లు చేయవలసి వస్తున్నది.

నస్తాలీఖ్ యంత్రంలోకి రాక

ఉర్దూ ముద్రణలో 1981 ఒక మలుపు. మీర్జా అహ్మద్ జమీల్ వ్రాసిన వేలాది అక్షర జోడింపులను మోనోటైప్ సంస్థ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. 'నూరీ నస్తాలీఖ్' అనే ఈ లిపిని పాకిస్తాన్‌లో 'జంగ్' దినపత్రిక లాహోరు సంచికకు వాడింది. 1994లో ఢిల్లీ నుంచి వెలువడిన 'ఇన్‌పేజ్' సాఫ్ట్‌వేర్ ద్వారా ఇది సామాన్యమైన కంప్యూటర్లకు కూడా చేరింది. రాతి అచ్చుకు వారసులైన కాతిబ్‌ల వృత్తి క్రమంగా సన్నగిల్లింది.

కాని ఆనాటి ఉర్దూ ఫైళ్ళు యూనికోడ్‌లో లేవు. ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే తెలిసిన సంకేతాలలో ఉన్నాయి. ఏళ్ళతరబడి కూర్చిన పుస్తకాలు, పత్రికలు చూడడానికి, అచ్చువేయడానికి పనికివచ్చాయి గాని వెదకడానికి, ఇతర యంత్రాలకు పంపడానికి మార్పిడి తప్పనిసరి అయింది. తెలుగు డీటీపీ ఫాంట్లతో కూర్చిన సాహిత్యానిదీ ఇదే గతి. అటువంటి తెలుగు పుటలో అరబీ ఆయత్‌ను చేర్చాలంటే దానిని బొమ్మగా అతికించడం సులభమైన మార్గమైంది. బొమ్మలో అక్షరదోషం ఉంటే దిద్దడానికి వీలులేదు, అందులోని మాటను వెదకడానికీ వీలులేదు. 2014లో గూగుల్ 'నోటో నస్తాలీఖ్ ఉర్దూ' ఫాంటును విడుదల చేసింది. యూనికోడ్ పాఠాన్నే నస్తాలీఖ్‌లో చూపే ఇటువంటి ఫాంట్ల వల్ల అందానికి, ఉపయోగానికి మధ్య ఉన్న పోటీ చాలావరకు తగ్గింది.

పాఠ పరిశుద్ధి

ఖుర్ఆన్ పాఠం సంకేతావళికి మరింత కఠినమైన పరీక్ష. 1924 నాటి కైరో ప్రతిలో విరామచిహ్నాలు, చిన్న అక్షరాలు, పారాయణ నియమాలను సూచించే గుర్తులు ఉన్నాయి. తన్వీన్ చిహ్నాన్ని అందులో రెండు విధాలుగా వ్రాస్తారు. తర్వాతి అక్షరం ముందు 'న్' ధ్వనిని స్పష్టంగా పలకవలసిన చోట రెండు గీతలు ఒకదానిపై ఒకటి సమంగా ఉంటాయి. కలిపి లేదా మరుగుపరచి పలకవలసిన చోట కొంచెం జరిగి ఉంటాయి. యూనికోడ్ మొదట వీటికి ఒక్క రూపాన్నే గుర్తించింది. తజ్వీద్ తెలిసిన పాఠకునికి ఇది అలంకారభేదం కాదు, ఉచ్చారణభేదం. 2012లో వెలువడిన 6.1 ప్రమాణంలో గాని రెండో రూపానికి స్థానం దొరకలేదు. అంతకు ముందు, 2003లో, 'బిస్మిల్లా' వాక్యం మొత్తానికి ఒకే సంకేతం చేరింది. ఉర్దూ మొదలైన భాషలలో దానిని ఒకే చిహ్నంగా వాడడం ఇందుకు కారణం.

స్థానాలు దొరికినంత మాత్రాన పాఠం శుద్ధం కాదు. కంప్యూటర్లలో వ్యాపించిన ఖుర్ఆన్ ప్రతులలో టైపు దోషాలు గమనించి, 2007లో 'తన్‌జీల్' అనే ప్రయత్నం మొదలైంది. మదీనా ముస్‌హఫ్‌ను ప్రమాణంగా తీసుకొని యూనికోడ్ పాఠాన్ని సరిచూడడం దాని ఆశయం. పూర్వం లేఖకుడు వ్రాసిన ప్రతిని మూలంతో పోల్చి చూసే పద్ధతికి ఇది కొనసాగింపు. సంకేతావళి అక్షరాన్ని మోసుకుపోగలదు. అది సరైన అక్షరమా కాదా అని చెప్పవలసినవాడు మనిషే.

ఆలస్యంగా వచ్చినవారు

రాజ్యబలం, మార్కెట్టు బలం ఉన్న భాషలకు త్వరగా చోటు దొరికింది. ఆఫ్రికాలో అరబీ లిపితో వ్రాసే అనేక భాషల అదనపు అక్షరాలు 2005లో గాని చేరలేదు. గినీ దేశంలో ఇబ్రాహీమా, అబ్దులాయే బారీ అనే సోదరులు తమ ఫులానీ భాషకోసం 1980ల చివర బాల్యంలో కల్పించిన 'అద్‌లమ్' లిపి 2016లోను, రోహింగ్యాల హనీఫీ లిపి 2018లోను ప్రవేశించాయి. 2024లో వెలువడిన 16.0 ప్రమాణం నాటికి 168 లిపులు, 1,54,998 అక్షరాలు ఈ పట్టికలో చేరాయి.

తెలుగుకు కూడా ఈ చరిత్రలో ఒక ఆలస్యపు అధ్యాయం ఉంది. 'ఖుర్ఆన్'లో మొదటి అక్షరం ఖాఫ్, 'ఖలీఫా'లో మొదటి అక్షరం ఖే. తెలుగులో రెండింటికీ 'ఖ' ఒక్కటే. జకాత్, జిక్ర్, జుల్మ్, జన్నత్ అనే నాలుగు మాటలు అరబీలో నాలుగు వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి. తెలుగులో నాలుగూ 'జ'యే. ఇటువంటి ధ్వనులను సూచించడానికి అక్షరం కింద పెట్టే చుక్క, అనగా 'నుక్తా', దేవనాగరికి యూనికోడ్‌లో మొదటినుంచీ ఉంది. తెలుగుకు 2021లో 14.0 ప్రమాణం ద్వారా 3132వ స్థానంలో లభించింది. ఈ ఒక్క చుక్కతో అరబీ ధ్వనులన్నీ తెలుగులో వేరుపడవు. జకాత్‌ను జన్నత్ నుంచి వేరు చేయవచ్చు గాని, జిక్ర్ నుంచి వేరు చేయలేము. పైగా పట్టికలో చోటు ఉన్నా ఫాంట్లు, కీబోర్డులు దానిని స్వీకరించాలి, రచయితలు, ప్రచురణకర్తలు ఒకే పద్ధతిని అంగీకరించాలి. ఆ పని ఏ సంకేత సంఘమూ చేసిపెట్టదు.

ఒకప్పుడు అరబీ లిపి యంత్రయుగానికి పనికిరాదని తీర్పు చెప్పినవారు ఉన్నారు. ఆ తీర్పు తప్పని చరిత్ర నిరూపించింది. లోపం లిపిలో లేదు, ఆకారాన్నే అక్షరమనుకొన్న యంత్రంలో ఉంది. అక్షరమేదో గ్రహించిన తర్వాత లిపి తన వంపులతో, చుక్కలతో, దిశతో సహా యంత్రంలో ప్రవేశించింది. ఇక మిగిలినవి కాఫ్, యేల వంటి చిక్కుముడులు, పాత సంకేతాలలో బందీలైన గ్రంథాలు, సరిచూడవలసిన పాఠాలు. ఇవి ఓపికతో, పాండిత్యంతో జరగవలసిన పనులు. చుక్కలు లేని లిపికి చుక్కలు కూర్చిన తొలి శతాబ్దాల పండితులు చేసినదీ ఇటువంటి పనే.